ఆరు మోటార్లకూ ఒకటే జబ్బు

ఆ ఉదయం నూలు మిల్లు మెకానిక్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికల్లా మిల్లుకు వెళ్లడం, యజమాని వచ్చేలోగా ఆరు మోటార్లనూ పరీక్షించడం, ఫోర్‌మన్ ఉద్యోగం పట్టుకుని సాయంత్రం ఇంటికి రావడం. పాత ఫోర్‌మన్ రిటైరయ్యాక ఆ కుర్చీ మూడు నెలలుగా ఖాళీగా ఉంది. మెకానిక్ కళ్లు మాత్రం పదిహేడేళ్లుగా దానిమీదే ఉన్నాయి.

మిల్లులో ఆయన్ని అందరూ చెవిగారు అంటారు. స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు, పిడిని కుడిచెవికి ఆనించి, కళ్లు మూసుకుని లోపలి రోగం చెప్పడం ఆయన పద్ధతి. మోటారు అదురును కొలిచే మీటర్లంటే చిన్నచూపు. మోత తగలకుండా పెట్టుకోమని మిల్లువాళ్లిచ్చిన చెవి కప్పులంటే మరీ చిన్నచూపు. అవి పెట్టుకుంటే మోటారు గోడు ఎవరు వింటారని ఆయన వాదన.

అంతటి చెవిని అంతటి రోజున శుభ్రం చేసుకోకుండా వెళ్లడం మర్యాద కాదనిపించింది. స్నానం కాగానే ఇయర్‌బడ్ తీశారు.

“ఏవండీ, చెవిలో ఏదీ పెట్టొద్దని డాక్టరమ్మ నాకు చెప్పింది. గుబిలి దానంతటదే బయటికొచ్చేస్తుందట” అంది భార్య.

“నీ చెవి సంగతి చెప్పుంటుంది. నాది పనిచేసే చెవి” అని ఆయన బడ్‌ను ఇంకాస్త లోపలికి తిప్పారు.

చెవిలో ఏదో కదిలి కూర్చుంది. వెంటనే గదంతా దుప్పటి కప్పుకున్నట్టయింది. శుభ్రమైన చెవికి లోకం ఇంత ప్రశాంతంగా ఉంటుంది కాబోలనుకుని ఆయన హుషారుగా బయల్దేరారు.

మొదటి మోటారు దగ్గర ఆ హుషారు కాస్త తగ్గింది. రోజూ శుభ్రంగా వినిపించే రొద ఇవాళ మందంగా, డొల్లగా ఉంది. బేరింగులో గ్రీజు పాడైందని తేల్చి, మోటారు ఆపించి విప్పించారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మరొకరైతే ఈపాటికి తన చెవిని అనుమానించేవారు. చెవిగారు స్టోరును అనుమానించారు. ఆరింటికీ ఒకటే గ్రీజు వేశారు కాబట్టి ఆరింటికీ ఒకటే జబ్బు.

స్టోరు చూసే ఆవిడ గ్రీజు డబ్బా తెచ్చి, వాసన చూపించి, వేలితో రాసి చూపించింది. ఆయన వినలేదు. పదిన్నరకు నాలుగు మోటార్లు విడిభాగాలై నేలమీద పరుచుకున్నాయి, మిగతా రెండింటినీ పనివాళ్లు ఆపేశారు. పదకొండుకు యజమాని వచ్చేసరికి మిల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అంత నిశ్శబ్దం యజమాని ఎన్నడూ వినలేదు, ఆయన డబ్బు పోసి కొన్నది మోతనే. ముఖం నల్లబడింది.

“మీరే వినండి సార్” అంటూ చెవిగారు ఆరో మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నారు. “ఇదీ అంతే. మందంగా గుబగుబలాడుతోంది.”

“అది ఆపేసి అరగంటయిందండీ” అంది స్టోరు ఆవిడ మెల్లగా.

ఆయన కళ్లు తెరిచారు. స్క్రూడ్రైవర్ ఎడమచెవికి మార్చుకున్నారు. అక్కడ ఏ శబ్దమూ లేదు. పదిహేడేళ్ల కుర్చీ కళ్లముందు కుప్పకూలింది. యజమాని వీధి చివర చెవుల డాక్టరమ్మ దగ్గరికి పొమ్మని చేత్తో చూపించారు.

డాక్టరమ్మ చెవిలోకి చూసి, కర్ణభేరి చెక్కుచెదరలేదని తేల్చుకుని, చుక్కలు వేసి మెత్తబరిచి, గోరువెచ్చని నీళ్లతో ఒక గోధుమరంగు ఉండను బయటికి తెచ్చింది. బడ్ గుబిలిని తియ్యదనీ, లోపలికి నెట్టి దట్టిస్తుందనీ, ఆగిన మోటారులో వినబడింది ఆయన నాడి చప్పుడేననీ చెప్పింది. తర్వాత గాజుగదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేసింది.

“మూసుకుపోయింది ఒక చెవే. కానీ సన్నటి శబ్దాలు రెండింటికీ అందట్లేదు. ఇది గుబిలి వల్ల కాదు, మిల్లు మోత వల్ల. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోండి” అంది.

చెవిగారికి నిజంగా ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని భయపడుతూ వచ్చిన మనిషి, అప్పటికే పోయిన దాన్ని గురించి తెలుసుకుని మిల్లుకు తిరిగి నడిచారు.

గేటు దగ్గరే యజమాని ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు. విప్పిన నాలుగో మోటారులో బేరింగు పగిలి ఉందట. ఇంకో రెండు రోజులు తిరిగితే మోటారు కాలిపోయేదట. “మూసుకుపోయినా మీ చెవి చెవేనండీ. ఫోర్‌మన్ మీరే” అన్నారు.

ఒప్పేసుకుంటే సరిపోయేది. చెవిగారు ఆ పగిలిన బేరింగును చేతిలోకి తీసుకుని చూశారు. పగిలిన బేరింగు సన్నగా ఈల వేస్తుందని ఆయనే అందరికీ నేర్పారు.

“దీన్ని శనివారం విన్నాను సార్. చెవి బాగున్నప్పుడే. బాగుందని రాసిచ్చాను. ఈ ఈల నాకు వినబడదు. ఇకమీదట మీటరు పెట్టాలి.”

తన చెవి మీద తనే ఫిర్యాదు చేసే మెకానిక్ మళ్లీ దొరకడనుకున్నారో ఏమో, యజమాని మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు కొత్త ఫోర్‌మన్ తను కప్పులు పెట్టుకుని, అందరి చేతా పెట్టించి, ఆరు మోటార్లూ నడుస్తుండగా చెవుల రక్షణ మీద అరగంట ఉపన్యాసమిచ్చారు. ఒక్క ముక్కా ఎవరికీ వినబడలేదు గానీ, పాటించనివాళ్లు ఒక్కరూ లేరు.