మీ రేకు రింగులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి

బీచిలో కాళ్ళు బారజాపుకుని కూల్‌డ్రింకు తాగి, ఆ టిన్ను మీది రేకు రింగును తెంపి ఇసుకలోకి విసిరే మహానుభావులకు నా నమస్కారాలు. వాళ్ళను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఏం తప్పు చేశారండీ వాళ్ళు? అంత ఇసుక ఊరికే పడి ఉంది. అందులో ఒక రింగు, రెండు సీసా మూతలు పడేస్తే సముద్రం ఏమైనా కోర్టుకెక్కిందా? చెత్తబుట్ట ఉంది కదా అంటారు. ఉంది, మెట్ల దగ్గర! అంటే లేవాలి, బట్టలు దులుపుకోవాలి, నడవాలి. హాయిగా గడుపుదామని వచ్చిన మనిషిని ఇంత హింస పెట్టడం న్యాయమేనా?

నా మటుకు నేను వాళ్ళకు ఆజన్మాంతం రుణపడి ఉన్నాను. వాళ్ళే లేకపోతే నేనొక మామూలు ఉద్యోగిగా మిగిలిపోయేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకునేవాణ్ణి. ఈరోజు నేను సొంతంగా స్కూపు తయారుచేసిన మనిషిని! స్కూపంటే ఐస్‌క్రీముది కాదు. తడి ఇసుకను తవ్వితీసి, ఇసుకను కిందికి వదిలేసి, లోహపు వస్తువును మాత్రం తనలో ఉంచుకునే, పొడుగు కర్ర ఉన్న బెజ్జాల డబ్బా.

అసలు అది నాకెందుకు అవసరమైందో చెప్పాలి.

ఓ సాయంత్రం నేనూ మా ఆవిడా బీచికెళ్ళాం. గాలి విసురుగా ఉంది. చున్నీ చెవికి చుట్టుకుపోతుంటే మా ఆవిడ చిరాకుగా విదిలించింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒక చెవికి దుద్దు లేదు. చిన్న బంగారు పువ్వు, మధ్యలో ఎర్ర రాయి, వెనకాల మర. మా ఆవిడకి బ్యాంకులో ఉద్యోగం వచ్చిన రోజున మా అత్తగారు తన చెవుల నుంచి తీసి ఆవిడ చెవులకు పెట్టిన జత అది. "నా చెవులు ముడతలు పడ్డాయే, ఇక నీకే అందం" అన్నారట.

మా ఆవిడ రెండోది తీయలేదు. "జత దొరికేదాకా ఇది నా చెవినే ఉంటుంది" అంది. ఒంటి దుద్దుతోనే బ్యాంకు కౌంటర్లో కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు "మేడమ్, మీ దుద్దు ఎక్కడో పడిపోయినట్టుంది" అనడం, ఆవిడ "తెలుసండీ" అని నోట్లు లెక్కపెట్టుకోవడం. ఒక పెద్దాయనైతే తన పాస్‌బుక్కు పక్కనపెట్టి కౌంటరు కిందికి దూరి మరీ వెతికాడట. ఆయన్ని పైకి లేపడానికి మేనేజరు రావాల్సి వచ్చింది.

అత్తగారికి మాత్రం చెప్పలేదు. వీడియో కాల్ వస్తే మా ఆవిడ ఒక పక్కకే తిరిగి మాట్లాడేది. "ఎప్పుడు చూసినా అటే తిరిగి ఉంటావేంటే, మెడ పట్టేసిందా?" అని అత్తగారు అక్కణ్ణుంచి నూనెలూ తైలాలూ చెప్పేవారు. చివరికి, "నీ మెడ సంగతేంటో నేనే వచ్చి చూస్తా, నెలాఖరుకి బయల్దేరుతున్నా" అన్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ మంచం మీద కూలబడింది. "అమ్మ మొహం ఎలా చూడనండీ?" అంది.

మా బావమరిది రంగంలోకి దిగాడు. నిధులు దొరుకుతాయని ఒకప్పుడు మెటల్ డిటెక్టర్ కొన్నాడు. తన పెరట్లోనే వెతికితే తన మోటార్‌సైకిల్ నట్టే దొరికింది. అప్పట్నుంచి అది అటక మీద ఉంది. దాన్ని దులిపి తెచ్చాడు.

మొదటి ఆదివారం బీచిలో అడుగుపెట్టామో లేదో, మిషన్ కూత పెట్టింది. "బావా, ఇది బంగారం కూతే!" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో తవ్వాను. తడి ఇసుక కదా, నేను తవ్వినంతా పక్కనుంచి జారి పూడుకుపోతుంది. గోళ్ళు విరిగాయి. ఆఖరికి చేతికి తగిలింది. కూల్‌డ్రింకు రింగు.

ఇంకో అడుగు, ఇంకో కూత, ఇంకో రింగు. తర్వాత సీసా మూత. తర్వాత మళ్ళీ రింగు.

"ఈ రేకు ముక్కలకి కూయకుండా చేసే మీట లేదట్రా?" అని అడిగాను.

"ఉంది బావా. అది తిప్పితే చిన్న బంగారానికి కూడా కూయదు. దీనికి రెండూ ఒకటే."

"అంత డబ్బు పోసి కొన్నావు, దీనికి బంగారానికీ రేకుకీ తేడా తెలీదా?"

"తెలీదు బావా."

చూశారా సమదృష్టి! మహామహులు అడవుల్లో కూర్చుని సాధించేదాన్ని ఈ బ్యాటరీ మిషన్ ఊరికే సాధించింది. ఆ జ్ఞానం నాకు కలగడానికి కారకులెవరు? రింగులు విసిరిన దాతలు కాదా? ఇసుక శుభ్రంగా ఉంటే మిషన్ ఎప్పుడో ఒకసారి కూస్తుంది. మిగతా సేపంతా బెల్లంకొట్టిన రాయిలా ఉంటుంది. ఇప్పుడో? అడుగడుక్కీ ఆశ! ఏ సినిమాహాల్లో దొరుకుతుందండీ ఇంత సస్పెన్సు, అదీ టికెట్టు లేకుండా?

వ్యాయామం సంగతి చెప్పనే లేదు. వంగడం, లేవడం, మళ్ళీ వంగడం. నా పొట్ట తగ్గింది. నడుము కూడా పోయిందనుకోండి, అది వేరే విషయం.

అయితే చేతుల్తో ఇన్ని రింగులు తవ్వడం మనిషివల్ల కాదు. స్కూపు కావాలి. షాపులో ధర చూసి కళ్ళు తిరిగాయి. "మనమే చేసేద్దాం బావా, వీడియోలో చూశా, గంట పని" అన్నాడు బావమరిది. వీడియోలో గంట పని అంటే ఏమిటో పెళ్ళయినవాళ్ళందరికీ తెలుసు.

మొదటి స్కూపు మా వంటింటి జల్లెడ, చీపురు కర్ర. తడి ఇసుక బరువుకి జల్లెడ అప్పడంలా మడతపడింది. రెండోది నూనె డబ్బా. ఉప్పునీళ్ళకు వారం తిరక్కుండా తుప్పుపట్టి, ముట్టుకుంటే పొడి రాలింది. "చేస్తే స్టీలుతోనే చెయ్యాలి" అని తీర్మానించాం. ఇద్దరం కలిసి మా ఆవిడ పిండి డబ్బా వైపు చూశాం. "తీసుకెళ్ళండి" అంది. అంతవరకూ ఆ డబ్బా మూత తీయడానికి కూడా నాకు అనుమతి లేదు. ఆ దుద్దు ఆవిడకెంత ముఖ్యమో అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

డబ్బా నోటిని ఏటవాలుగా కోయాలి. కాలితో తొక్కడానికి వెనక ఒక పట్టీ వేయాలి. పాత కుర్చీ గొట్టంతో కర్ర అతకాలి. ఒళ్ళంతా బెజ్జాలు కొట్టాలి. ఇది మావల్ల కాదని వెల్డింగ్ షాపుకెళ్ళాం. ఆ మేస్త్రిని అందరూ పూల మేస్త్రి అంటారు. గేటు చెయ్యమన్నా, కిటికీ గ్రిల్ చెయ్యమన్నా దాని మీద పూలు పూయించకుండా వదలడు.

బెజ్జాలు ఏ సైజులో ఉండాలో చెప్పడానికి మా ఆవిడ చెవికి మిగిలిన దుద్దును తీసి ఇచ్చింది. "జాగ్రత్తండీ" అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది, గేటు దాకా వచ్చి చెప్పింది. నేను దాన్ని మేస్త్రి చేతిలో పెట్టి, "ఇది చూసుకుని బెజ్జాలు కొట్టు మేస్త్రీ" అన్నాను. ఆయన దాన్ని ఎండకు పట్టి చూసి, కొలిచి, కళ్ళకద్దుకుని, "వదిలెయ్యండి సార్, నాది పూచీ" అన్నాడు.

వదిలేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

స్కూపు అందుకున్నప్పుడు మాత్రం మురిసిపోయాం. అద్దంలా మెరుస్తోంది. బెజ్జాలన్నీ పూల వరసలో ఉన్నాయి. దాన్ని చూస్తే ఇసుక తవ్వబుద్ధి కాదు, గోడకు తగిలించబుద్ధవుతుంది.

మా పక్కిల్లు కడుతున్నారు. గేటు ముందు ఇసుక గుట్ట ఉంది. "బీచికెళ్ళేముందు ఒక ట్రయల్ వేద్దాం బావా" అన్నాడు బావమరిది. మా ఆవిడ వద్దంది. "కళ్ళ ముందే కదక్కా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. మేస్త్రి తిరిగిచ్చిన దుద్దును గుట్టలో పెట్టి, స్కూపుతో ఒక్క తవ్వు తవ్వి, జాడించాడు. ఇసుక జలజలా రాలింది. ఆహా అనుకున్నాం. స్కూపులోకి తొంగిచూశాం. ఖాళీ.

మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను. "శాంపిల్ ప్రకారమే కొట్టాను సార్, వెంట్రుకవాసి తేడా లేదు!" అన్నాడు. ఆయన దగ్గరికి శాంపిల్ తెచ్చేవాళ్ళంతా అచ్చం అలాగే కావాలనే తెస్తారు. ప్రతి బెజ్జమూ ఆ దుద్దు పట్టేంత, కచ్చితంగా కొట్టాడు. "అది కిందికి పోకూడదని ముందే ఒక మాట చెప్పాల్సింది" అని నామీదే కోప్పడ్డాడు.

నేను తిరిగొచ్చేసరికి మా ఆవిడ గుట్ట పక్కనే నిలబడి రెండు చెవులూ తడుముకుంటోంది. "పోన్లెండి, ఇక కౌంటర్లో ఎవరూ అడగరు" అంది. ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

బావమరిది మిషన్ తెచ్చాడు. గుట్ట మీద ఆడించాడు. ఒక్కటే కూత. అక్కడ చెయ్యి పెట్టి ఇసుక దోసిట్లోకి తీసింది మా ఆవిడ. దుద్దు దోసిట్లోనే ఉంది.

అయిపోయింది! అంతే! పాఠకులారా, మీరే చెప్పండి, ఇదీ ఒక వెతుకులాటేనా? రింగు లేదు, మూత లేదు, వంగింది లేదు, లేచింది లేదు. చెత్త లేని ఇసుక ఎంత చప్పగా ఉంటుందో ఆరోజు కళ్ళారా చూశాను. పోయిన వస్తువు పోయినట్టే దొరికేస్తే మనిషి జీవితానికి అర్థమేముంది? మా ఆవిడ మాత్రం దాన్ని చెవికి పెట్టుకుంటూ, "బీచి కూడా ఇలాగే ఉంటే ఎంత బావుణ్ణు" అంది. ఆడవాళ్ళకు సస్పెన్సు విలువ తెలియదు.

మేస్త్రి అలిగి, లోపల సన్నటి స్టీలు వల అతికి ఇచ్చాడు. ఇక చూస్కోండి! మళ్ళీ ఆదివారం బీచిలో ఒక్క రింగు కూడా నా స్కూపును తప్పించుకోలేదు. సంచి నిండింది. పక్కనే చాపేసుకుని కూర్చున్న కుర్రకారులో ఒకడు నన్ను చాలాసేపు గమనించి, కాలి బొటనవేలితో ఇసుకలోకి చూపించి, "అంకుల్, ఇక్కడ కూడా ఉన్నాయి, ఇవీ తీసెయ్" అన్నాడు. వెళ్ళి తీశాను. అప్పుడే తెరిచిన టిన్ను రింగును తెంపి నా స్కూపులో పడేసి, "నీకు తవ్వే పని తప్పింది" అన్నాడు. ఎంత దయ! అంతమందిలో రింగును ఇసుకలో కాక వేరేచోట వేసినవాడు అతనొక్కడే.

నెలాఖరు వచ్చింది. అత్తగారూ వచ్చారు. మా ఆవిడ జుట్టు ఒక పక్కకి దువ్వి చెవి మీదికి జార్చింది. అత్తగారు గుమ్మంలోనే సంచీ కింద పెట్టి, ఆ జుట్టు పక్కకి తోసి చూశారు.

"ఇదా నీ మెడనొప్పి?"

మా ఆవిడ చిన్నపిల్లలా బావురుమంది. "వెతుకుతూనే ఉన్నామమ్మా, దొరకట్లేదు" అంది. అత్తగారు కూతురి తల భుజానికి ఆనించుకుని, "పోయింది దుద్దేగా, చెవి కాదుగా" అన్నారు. కూతురి కళ్ళు తుడిచి, "రేప్పొద్దున్న నేనూ వస్తా, పదండి" అన్నారు. మనసు ఆవిడకీ ఒప్పుకోలేదని ఆ 'పదండి'లోనే తెలిసింది.

మర్నాడు ఆవిడ బీచిలో చాప మీద కూర్చున్నారు. బావమరిది మిషన్ ఆడించాడు, నేను తవ్వాను, మా ఆవిడ స్కూపులో వచ్చినదాన్ని వాళ్ళమ్మ ముందు పోసింది. కళ్ళజోడు పెట్టుకుని అత్తగారు ఒక్కొక్క ముక్కా తిప్పి చూసి పక్కన పెట్టారు. ఎండెక్కేసరికి ఆవిడ పక్కన చిన్న గుట్టయింది. దుద్దు మాత్రం అందులో లేదు. ఆవిడ ఆ గుట్టనూ, చుట్టూ కూర్చున్న జనాన్నీ మార్చి మార్చి చూశారు.

"అల్లుడుగారూ, ఇన్ని వస్తువులు ఎవరు పోగొట్టుకున్నారు?"

"ఎవరో తెలీదండీ."

"మనం ఒక్క దుద్దు కోసం ఇంత అల్లాడుతున్నామే! ఇన్ని పోతే, ఒక్కళ్ళూ వెతుక్కోవడానికి రారా?"

నేను పత్రికలో కాలమ్ రాసేవాణ్ణి. ఎంతటి ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న నా దగ్గర తయారుగా ఉంటుంది. ఆవిడ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు మీకే అప్పగిస్తున్నాను.

అందుకే ఈ ప్రకటన. అయ్యా, అమ్మా, బీచిలో మీరు పోగొట్టుకున్న రింగులు, సీసా మూతలు, వంకర మేకులు, రేకు పొట్లాలు అన్నీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఆనవాలు చెప్పి ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళండి. మా అత్తగారు కడిగి ఆరబెట్టి మరీ ఉంచారు. మిగిలినవాటి కోసం మీరే స్వయంగా వచ్చి తవ్వుకుంటానంటే ఇంకా సంతోషం, స్కూపు నేనిస్తాను.

తవ్వేటప్పుడు చిన్న బంగారు పువ్వు, మధ్యలో ఎర్ర రాయి, వెనకాల మర ఉన్నది కనిపిస్తే మాత్రం, అదొక్కటీ మాది.