మావయ్య కడుపులో ఏముంది

ఆ ఉదయం కాపరి పెట్టుకున్న పనులు మూడే: అద్దం తుడవడం, తొట్టిలో నీళ్లు మార్చడం, పదకొండింటికి కొండచిలువకు కోడిని వెయ్యడం. జంతుప్రదర్శనశాలలో పాముల గది అతనిది. కొండచిలువకు అతను పెట్టిన పేరు మావయ్య. పిల్లనిచ్చిన మామ కూడా అలాగే మూలన పడి ఉండి, తిండి వేళకు మాత్రం కదిలేవాడు. భార్య పోయి ఆరేళ్లయింది. ఆవైపు చుట్టరికాల్లో అతనికి మిగిలింది ఈ మావయ్యే.

నెల రోజులుగా చెక్కపెట్టెలో దూరి, వేసిన కోడివైపు కూడా చూడని మావయ్య ఆ రోజు బయటికొచ్చి పడుకుంది. ఒంటి వెనక సగం దిండులా ఉబ్బి ఉంది. అది ఏది తిన్నా పలక మీద రాయడం కాపరి పద్ధతి. పలక ఖాళీగా ఉంది.

"దీనికి ఎవడు పెట్టాడు?" అని పైకే అన్నాడు. అనకుండా ఉండాల్సింది. అక్కడే ఉన్న తోటమాలి విన్నాడు.

"అమ్మగారి కుక్కపిల్ల నిన్న సాయంత్రం నుంచి కనబడట్లేదన్నా."

పావుగంటలో అధికారి భార్య వచ్చింది. ఆమె వెనక అధికారి, ఆయన వెనక పశువుల డాక్టరు, ఆ వెనక పనిలేనివాళ్లందరూ వచ్చారు.

"కుక్కను మింగగలదా ఇది?" అన్నాడు అధికారి.

"మేకనే మింగుతుందని మీ కాపరే రోజూ చెప్తాడు కదండీ" అన్నాడు టికెట్ల గుమాస్తా.

నిజమే. చూడ్డానికి వచ్చినవాళ్లకు కాపరి అదంతా తనే మింగినట్టు చెప్పేవాడు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, కాబట్టి గింజుకునేకొద్దీ ఇంకా దిగబడతాయి. తర్వాత ఒళ్లంతా చుట్టేసి, లోపల గుండె ఆగేదాకా బిగిస్తుంది. అప్పుడు తల వెతుక్కుని అటునుంచి మొదలుపెడుతుంది. కింది దవడ రెండు ముక్కలు, మధ్యలో సాగే నరం. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క ముందుకు జరుపుకుంటూ, కాలికి మేజోడు తొడిగినట్టు తన నోటినే వేటకు తొడుగుతుంది. ఊపిరాడడానికి గాలిగొట్టాన్ని నోటి పక్కనుంచి బయటికి పెడుతుంది. ఇన్నాళ్లూ చప్పట్లు తెచ్చిన మాటలన్నీ ఆ రోజు పాము మీద సాక్ష్యాలయ్యాయి.

"కుక్క కాదండీ. రాత్రి మింగింది పొద్దుటికి తోక దాకా పోదు" అన్నాడు కాపరి.

"అయితే అదేమిటి?"

"తెలీదండీ."

ఇరవై ఏళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. దాంతో అబద్ధమాడుతున్నాడని అందరికీ రూఢి అయిపోయింది.

"నా నీళ్ల గొట్టం కూడా కనబడట్లేదు" అన్నాడు తోటమాలి ఆశగా. కాపలావాడికి టార్చిలైటు గుర్తొచ్చింది. గుమాస్తాకు కుర్చీ మీది దిండు గుర్తొచ్చింది. ఏడాదిగా పోయినవన్నీ ఒక్కొక్కటే వెళ్లి మావయ్య కడుపులో చేరాయి.

అధికారి భార్య అద్దానికి చెవి ఆనించింది. "గంట వినబడుతోంది. దాని మెడలోదే." మోగింది డాక్టరు పెట్టెలోని కత్తెరలు.

"కోసెయ్యండి" అన్నాడు అధికారి.

గుర్రాల్నీ గేదెల్నీ తప్ప ముట్టుకోని డాక్టరు కత్తి తీశాడు. కాపరి తలుపు తీసుకుని లోపలికి వెళ్లి పాముకు అడ్డంగా నిలబడ్డాడు.

"కోస్తే ఇది చస్తుందండీ."

"నా కుక్క బతకొద్దా?" అంది ఆమె.

"లోపలుంటే అది ఎప్పుడో పోయుంటుందమ్మా. దానికి తోడు దీన్నీ పంపడం దేనికి?"

"తప్పుకోకపోతే రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు అధికారి.

"రానులెండి. ఇవాళ మాత్రం కదలను."

డాక్టరు వంగి అతని కాళ్ల మధ్యనుంచి చూస్తున్నాడు. "కాస్త ఆగండి. ఏదో బయటికొస్తోంది" అన్నాడు.

అందరూ మావయ్య నోటి వంక చూశారు. అది వస్తున్నది తోకవైపు నుంచి. తెల్లగా, మెత్తగా, బాతుగుడ్డు కంటే పెద్దగా ఉంది. దాని వెనక ఇంకొకటి.



"మగదన్నావు కదయ్యా" అన్నాడు అధికారి.

"అది ఎప్పుడూ కాదనలేదండీ" అన్నాడు కాపరి.

"మరి నా కుక్క?"

కాపరి పదకొండింటికని ఉంచిన కోడికి నీళ్లయినా పెడదామని పక్క గదికి నడిచాడు. నిన్న సాయంత్రం తనే వేసిన గొళ్లెం తీశాడు. కోడిని మూసిన బుట్ట పక్కకు దొర్లి ఉంది. గదినిండా ఈకలు. వాటి మధ్య కుక్కపిల్ల పొట్ట బానలా వేసుకుని, లేవలేక తోక మాత్రం ఆడించింది.

డాక్టరు చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది.

"దీన్ని కొయ్యమంటారా అమ్మా?" అన్నాడు కాపరి.

ఆమె కుక్కను ఎత్తుకుని వెళ్లిపోయింది. అధికారి గుడ్ల వంక చూసి, కాపరి వంక చూసి, "రేపు కాస్త ముందుగా రా" అన్నాడు.

గుడ్లను చుట్టుకుని కూర్చున్న కొండచిలువ రెండు నెలలు తిండి ముట్టలేదు. కోళ్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. ఆ రెండు నెలల్లో కాపరి కాస్త ఒళ్లు చేశాడు.