మారాజు గెలుచుకున్న గది

మరమ్మతుల మారాజుకు ఆ పేరు పెట్టింది కట్టుకున్న భార్యే. ఇంట్లో ఏది పాడైనా ఆయనే బాగుచేస్తాడు. ఆ తర్వాత దాన్ని బాగుచేయడానికి ఇంకొకరు రావాలి. పగలంతా బీమా ఆఫీసులో కుర్చీకి బరువై, సాయంత్రం కాగానే చెక్కపొట్టులో మునిగిపోతాడు.

అలాంటి మనిషికి సీఎన్‌సీ రౌటర్ పిచ్చి పట్టింది. కంప్యూటర్లో బొమ్మ ఎక్కించి మీట నొక్కితే చాలు, గిరగిరా తిరిగే బిట్టు, అంటే కోసే మొన, దానంతటదే చెక్క మీద ఆ బొమ్మ చెక్కేస్తుంది. అలాంటి మిషన్‌ని ఇంట్లోనే తయారుచేస్తానని భీష్మించుకున్నాడు.

చిక్కల్లా గదితోనే వచ్చింది. వీధివైపు గదిలో వెలుతురు బాగుంటుంది. భార్య అందులో కుట్టుపని పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో ఆశపడుతోంది. పాపం, ఇప్పటికీ నేల మీదే గుడ్డ పరిచి, నడుం పట్టేసేదాకా వంగి గీతలు గీస్తుంది.

"ఆ గది నాక్కావాలండీ."

"నా మిషన్ ఎక్కడ పెట్టుకోవాలి మరి?"

"మీ బుర్రలో పెట్టుకోండి. అక్కడ బోలెడు ఖాళీ."

చివరికి పందెం కుదిరింది. ఆదివారానికి మిషన్ పనిచేస్తే గది ఆయనది, లేకపోతే ఆమెది. తీర్పు చెప్పేది బావమరిది. ఎటు అన్నం పెడితే అటు తీర్పు చెప్పే పెద్దమనిషి.

వీధివైపు గదిలో మిషన్ కట్టడం మొదలయ్యాక ఇక ఇల్లు ఇల్లులా లేదు. సొరుగుల పట్టాలు మిషన్‌కి దారులయ్యాయి, సొరుగులు నేల మీదకొచ్చాయి. భోజనాల బల్ల మీది పలక కూడా మాయమై మిషన్ కింద తేలింది.

"ఏవండీ, బల్ల ఏదండీ?"

"అక్కడే ఉందిగా."

"ఉన్నవి కాళ్లు."

"కాళ్లున్నాయంటే పైది కూడా ఎప్పుడో వస్తుందనే కదా."

శనివారం సాయంత్రం బిట్టు బిగించి మీట నొక్కాడు. అది చెక్కను వదిలేసి, చెక్కను పట్టుకున్న ఇనప బిగింపు మీదికి దూకి రెండు ముక్కలైంది. ఉన్నది ఆ ఒక్క బిట్టే.

మర్నాడు బిట్టు ఉండాల్సిన చోట ఒక పెన్ను కట్టాడు. "ముందు కాగితం మీద గీయించి చూడటం ఈ పనిలో పద్ధతి," అని గంభీరంగా ప్రకటించాడు. నిజానికి అది పద్ధతే, కాకపోతే ఆయనకు ఆ ఉదయమే గుర్తొచ్చింది.

మీట నొక్కగానే పెన్ను బుద్ధిగా కదిలి 'స్వాగతం' అని రాసింది. తీర్పు చెప్పడానికి వచ్చిన బావమరిది మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావా, ఇదేం భాష?"

మిషన్ కట్టేటప్పుడే ఒక మోటారుకు వైర్లు తారుమారుగా కలిపాడు మారాజు. దాంతో అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఇక గది పోయినట్టేనని ఆయన నీరుగారిపోయాడు.

"రాసిందిగా," అంది భార్య. "పనిచేసినట్టే. మీరే గెలిచారు."

ఆమె అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఆలోచించే తీరిక ఆనందంలో ఆయనకు లేకపోయింది. ఈలోగా ఆమె రవిక చేతి ఆకారంలో కత్తిరించిన కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"ఇది కుడి చెయ్యి. దీన్ని గీయించండి చూద్దాం."

గెలిచిన ఉత్సాహంలో ఆయన కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. మిషన్ చకచకా ఎడమ చెయ్యి గీసింది.

"ఉండు, వైర్లు మారుస్తాను."

"ముట్టుకోకండి. కుడిది నా దగ్గరుంది, నాక్కావలసింది ఎడమదే."

పెన్ను తీసి కుట్టుపని సుద్ద కట్టింది. మిషన్ కింది పలక మీద గుడ్డ పరిచింది. చూస్తుండగానే కుట్టుమిషన్ కూడా కిటికీ పక్కకి చేరింది. "గది మీదేనండీ, నేను కాదనను. మీ మిషన్‌తో పని ఉన్నప్పుడల్లా వచ్చి పోతుంటాను." పనేమో పొద్దున్నే మొదలై దీపాలు పెట్టేదాకా తెమలదు.

ఆమె నడుం వంచకుండా, నిటారుగా నిలబడి, వెలుతుర్లో గీతలు సరిచూసుకుంటూ కూనిరాగం తీస్తోంది. నిజం చెప్పాలంటే మారాజుకు ముచ్చటేసింది. చెక్క మీద ఒక్క పువ్వయినా చెక్కలేదే అన్న దిగులు మాత్రం పోలేదు.

"పందెం గెలిచింది నువ్వు కదా బావా," అన్నాడు బావమరిది. "మరి అక్క నవ్వుతోందేంటి?"

"ఆ గుడ్డ రెండో కొస గట్టిగా పట్టుకో," అన్నాడు మారాజు మొదటి కొస పట్టుకుని. "చెప్తాను."