జమాల్ సాబ్ కోపం మింగిన రోజు

ఆ శనివారం పామిడి దర్జీ జమాల్ సాబ్ అనుకున్న పని చిన్నదే. కూతురు మాబున్నీసా వెంట అనంతపురం పోవాలి, ఆమె అర్జీ ఇప్పించాలి, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చి పెళ్లివారి జాకెట్లు కుట్టాలి.

అది 1964 ఎండాకాలం. యూనివర్సిటీవాళ్లు అనంతపురంలో ఒక బంగళా అద్దెకు తీసుకుని మనస్తత్వ పరిశోధనశాల పెట్టారు. కరువు సీమ మనుషుల ఓర్పు ఎలాంటిదో తేల్చడం వాళ్ల పని. సాయానికి బి.ఏ. విద్యార్థులు ఇద్దరు కావాలన్నారు. మార్కుల జాబితా, లెక్చరరు ఇచ్చిన ఉత్తరం, ఎందుకు చేరాలనుకుంటున్నారో సొంతంగా రాసిన పేజీ, ఈ మూడూ శనివారం ఒంటిగంటలోగా స్వయంగా తెచ్చివ్వాలి. ఆ ఒక్క పేజీకీ మాబున్నీసాకు పదిహేను రోజులు పట్టింది.

చిక్కల్లా నాయన కోపం. పామిడిలో ఆయనకు భయపడి జనం ఊపిరి బిగబట్టి కొలతలిచ్చేవాళ్లు. అందుకే ఆయన కుట్టిన చొక్కాలు బిగుతుగా ఉంటాయని చెప్పుకునేవాళ్లు.

"నాయనా, వాళ్లు చెప్పి పరీక్ష పెట్టరంట. గేటుకాడ్నుంచే చూస్తాంటారంట, ఎవురికి కోపమొస్తాదో, ఎవురికి రాదో. మా కాలేజీ సుబ్బరత్నమ్మక్క చెప్పింది. ఎవురేమన్నా నువ్వు పలకొద్దు," అంది మాబున్నీసా బస్సులో.

"నాకు కోపం యాడుండాది మే!" అన్నాడు జమాల్ సాబ్. ముందు సీట్లో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

బంగళా గేటు దగ్గర అటెండరు చౌడప్ప ఖాళీ కడవలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మున్సిపాలిటీ పంపుతామన్న నీళ్లమనిషి కోసం పొద్దుటినుంచీ చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు.

"ఏమప్పా, ఇప్పుడా వచ్చేది? లోపల చుక్క నీళ్లు లేవు. బాయి ఆ సందులో ఉండాది. ఎత్తు!"

జమాల్ సాబ్ చెవులు ఎర్రబడ్డాయి. మాబున్నీసా కళ్లతోనే సైగ చేసింది. ఇది పరీక్షే! ఆయన పళ్లు కొరుక్కుంటూ కడవ ఎత్తాడు. ఆరు కడవలు మోశాడు.

లోపల గుమాస్తా యేసన్న మార్కుల జాబితా తిప్పి చూశాడు. "దీనికి నకలు యాడ?"

మాబున్నీసా కూర్చుని నకలు రాసింది.

"నీలి సిరాతో రాసినావే! నల్లది కావల్ల."

మళ్లీ రాసింది. యేసన్న కాఫీకి పోయి గంటకు వచ్చాడు. వస్తూనే జమాల్ సాబ్ మెడలో కొలత టేపు చూశాడు. "దర్జీవా? మేలాయె. ఈ పరదా చినిగిండాది, రెండు కుట్లు వేద్దువుగాని."

ఇది పరీక్షలో రెండో భాగమనుకున్నాడు జమాల్ సాబ్. చినిగింది మూరెడు. జేబులోంచి సూది, దారం తీసి, గుమాస్తా నోరు కుడుతున్నట్టుగా ఆ పరదా కుట్టాడు. అది కాగానే చౌడప్ప ఏడో కడవ ఇచ్చాడు.

నిండు కడవతో ఆయన బల్ల పక్కనుంచి పోతుంటే, "మెల్లగా రాప్పా, కండ్లు కనపడవా?" అన్నాడు యేసన్న. జమాల్ సాబ్ అతని గొంతు పిసికినట్టు కడవ మెడ పిసికాడు. కడవ ఒరిగి నీళ్లన్నీ బల్లమీద పడ్డాయి. మార్కుల జాబితా, ఉత్తరం యేసన్న చేతిలో ఉన్నందున తడవలేదు. బల్లమీదున్న పదిహేను రోజుల పేజీ మాత్రం నీలి మరకగా మిగిలింది.

"పేజీ లేకుంటే అర్జీ తీసుకునేకి కాదు," అన్నాడు యేసన్న. ఒంటిగంటకు పది నిమిషాలే ఉంది.

మాబున్నీసాకు ఏడుపొచ్చింది. నాయన ఎప్పుడు పేలుతాడో, ఎప్పుడు బయటికి లాక్కుపోవాలో తెలియాలని ఆమె పొద్దుటినుంచీ నోటుపుస్తకంలో గుర్తులు రాసుకుంటోంది. చేతిలో ఉన్న రాత అదొక్కటే. ఆ పేజీ తెరిచి యేసన్న ముందు పెట్టింది.

"సొంతంగా రాసిందేనా?" అన్నాడు యేసన్న.

"సొంతందే."

యేసన్న ఆ పేజీ చించి, చదవకుండానే అర్జీకి గుచ్చాడు.

ఒంటిగంటకు పరిశోధనశాల నడిపే ప్రొఫెసరు రిక్షా దిగాడు. జమాల్ సాబ్ ఎదురెళ్లి, "అయ్యా, పరీక్ష అయిపాయనా? గెలిచినామా?" అన్నాడు.

"ఏం పరీక్ష?"

"అదే సామీ, కడవలు, పరదా..."

"ఇవాళ మేం ఏ పరీక్షా పెట్టలేదే! చౌడప్పా, ఈయనతో నీళ్లెందుకు మోయించావు?"

"ఆయప్ప వద్దన్లేదు సార్."

జమాల్ సాబ్ మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది. మాబున్నీసా కళ్లు మూసుకుంది. అంతలో యేసన్న అర్జీ అందించాడు. ప్రొఫెసరు నిలబడే చదివాడు:

"పది గంటలు. అటెండరు కసిరినాడు. చెవులు ఎర్రబడినాయి. పలకలేదు. పదకొండున్నర. గుమాస్తా కాఫీకి పోయినాడు. పిడికిలి బిగించి, విప్పి, మళ్లీ బిగించినాడు. పలకలేదు."

ఆయన కుర్చీ లాక్కుని మళ్లీ మొదటినుంచీ చదివాడు.

"అమ్మాయీ, మూడు నెలలుగా ఊళ్లు తిరిగి మీకు ఓర్పుందా అని అడుగుతున్నాం. అందరూ ఉందనే అంటున్నారు. ఇలా దగ్గరుండి చూసి రాసినవాళ్లు ఒక్కరూ లేరు. సోమవారం వచ్చి చేరు." తర్వాత జమాల్ సాబ్ వైపు తిరిగి, "మీలాంటి శాంతమూర్తిని నేనెక్కడా చూడలేదండీ," అన్నాడు.

తెరిచిన నోట్లోంచి జమాల్ సాబ్ అతి కష్టంమీద ఒక్క సలాం బయటికి తెచ్చాడు.

పామిడి బస్సు కిక్కిరిసి ఉంది. మాబున్నీసా సంతోషంతో దారంతా నవ్వుతూనే ఉంది. ఆమె పక్కన నిలబడ్డ జమాల్ సాబ్ కమ్మీ పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"ఏమప్పా, కొంచెం ఎనక్కి జరుగు," అన్నాడు కండక్టరు.

ఆ మాట అతను మరే రోజైనా అనవచ్చు. ఆ రోజు అనకుండా ఉండాల్సింది.