ఎర్మెలిందా ఎముకలు

ఆ శనివారం పొద్దున ఎర్మెలిందా పెట్టుకున్న పనులు మూడే. క్లినిక్‌లో ఎముకల పరీక్ష ఫలితం తెలుసుకోవడం, తెల్ల గౌను ఇస్త్రీ చేసుకోవడం, సాయంత్రం వెరాక్రూజ్ చౌకులో దాన్సోన్ జంటనాట్య బృందం ఇరవయ్యో వార్షికోత్సవానికి మొదటి అడుగు వేయడం. అరవై ఎనిమిదేళ్లకు ఆ గౌరవం ఆమెకు దక్కింది. జతగాడు, దర్జీ నబోర్, అందుకోసం కొత్త బూట్లు కూడా కొన్నాడు.

ఎముకలు కాస్త గుల్లబారుతున్నాయని డాక్టర్ ఇత్సెల్ చెప్పింది. పాలు తాగమంది, చేపలు తినమంది, ఎండలో నడవమంది, నాట్యం అస్సలు మానొద్దంది. కింద మాత్రం పడొద్దంది. పక్కనే కూర్చున్న భర్త ఫిదెన్సియో చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది.

ఇంటికి రాగానే ఆయన భార్యను మంచం ఎక్కించాడు. ఇంట్లో ఉన్న పరుపులన్నీ లాక్కొచ్చి నడవా పొడుగునా పరిచాడు. పట్టుకు నడవడానికని బట్టలారేసే తాళ్లు ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టాడు.

"డాక్టరమ్మ డాన్స్ మానొద్దందయ్యా," అంది ఎర్మెలిందా.

"ఆ పిల్లకేం తెలుసు? నువ్విప్పుడు గాజుబొమ్మవి. కదిలావంటే ఊరుకోను."

తలుపుకు వేలాడుతున్న తెల్ల గౌనును చూస్తే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంతలో పొరుగింటి ఓబ్దూలియా, ఎముకలకు బలమని గుడ్డుపెంకుల పొడి నిమ్మరసంలో కలిపి పట్టుకొచ్చింది. పరుపులు చూసింది, తాళ్లు చూసింది. లోపలికి రావద్దు, మనిషి కదలకూడదు అని గుమ్మంలోనే ఆపేశాడు ఫిదెన్సియో. ఆవిడ ఇంకేమీ అడక్కుండా బజారు దారి పట్టింది. ఆ కబురు చేపల బజారుకు చేరేసరికి ఎర్మెలిందాకు ఒక తుంటి విరిగింది. చౌకుకు చేరేసరికి రెండూ విరిగాయి. బ్యాండువాళ్ల దగ్గరకొచ్చేసరికి ఎర్మెలిందా ఆఖరి కోరిక ఒక పాట అయింది.

ఆ ఊళ్లో పాట దగ్గరకు రాలేని మనిషి దగ్గరకు పాటే వెళ్తుంది. సాయంత్రం ఆరింటికి పన్నెండుమంది బ్యాండు, బూరలూ డోళ్లూ మోసుకుని వాళ్ల గుమ్మం ముందు దిగింది. వెనకాల నబోర్ కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

వాళ్ల నోరు మూయించడానికి పరిగెత్తిన ఫిదెన్సియో కాలు తన తాడుకే తగులుకుంది. పరుపులన్నీ దాటుకుని, పరుపు లేని ఒకే ఒక్క మెట్టు మీద పడ్డాడు. మణికట్టు విరిగింది.

అందరూ కలిసి ఆయన్ని క్లినిక్‌కు మోసుకెళ్లారు. ఎర్మెలిందా మంచం దిగి, దొరికిన గౌను తొడుక్కుని వెంట నడిచింది. దొరికింది తెల్లదే.

"నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే విరిగిందంటే, మీ ఎముకలూ చూడాలండీ," అంది ఇత్సెల్.

"అది ఆడవాళ్ల జబ్బు కదమ్మా?"

"ఆ సంగతి ఎముకలకు తెలీదు."

సిమెంటు కట్టు ఆరేలోపు, వచ్చిన బ్యాండు ఊరికే పోవడం ఎందుకని, క్లినిక్ ముందు వీధిలోనే మొదటి నాట్యం జరిగింది. నబోర్ బూట్లు కరుస్తున్నా బయటపడలేదు. ఎర్మెలిందా ఒక్క అడుగు కూడా తప్పలేదు. ఫిదెన్సియో కిటికీలోంచి చూశాడు.

వారానికి ఆయన ఫలితం వచ్చింది. భార్యకంటే ఆయన ఎముకలే ఎక్కువ గుల్లబారాయి. యాభై ఏళ్ల చుట్టలు, పాలు తగలని కాఫీ, పొద్దస్తమానం డామినో ఆట బల్ల దగ్గర కుర్చీ, అన్నీ డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. మాత్రలు రాసింది, పాలు రాసింది, కట్టు విప్పాక వారానికి రెండుసార్లు దాన్సోన్ అని కూడా రాసింది.

నలభై రెండేళ్లుగా పెళ్లాం రమ్మంటే రాని మనిషి, మందుల చీటీ రమ్మంటే వచ్చాడు.