సైకిలుకు ఆరామ్

రామనర్సయ్య ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిలు వెనక చక్రం విప్పి బ్యాటరీతో నడిచే మోటారు చక్రం బిగించాలి. ఎనిమిదింటికల్లా ఇనుప గని గేటు దగ్గర ఉండాలి. కూలీల బస్సు బస్తీకి రావడం మానేసి నెలయింది. గని చూస్తే గుట్ట మీద, అతని మోకాలు చూస్తే ఎందుకూ పనికిరాకుండా ఉంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే గేట్ పాస్ లాక్కుంటానని కూలీలను పెట్టుకునే ఠేకేదారు చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి. పామేడు దగ్గరి చెలక ఎండిపోయాక ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఆ పాసే.

చక్రం బాగానే ఎక్కింది. నట్లు బిగించాక, ఎందుకైనా మంచిదని అది అమ్మిన జగదల్‌పూర్ సేఠ్‌కు ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఖనిజం నింపుకున్న గూడ్సు బండి బస్తీ వెనక నుంచి కదిలింది. ఆ రొదలో సేఠ్ గొంతు చించుకుని ఒకే మాట అరిచి పెట్టేశాడు.

"ఏమంటుండయ్యా?" అని అడిగింది భార్య తిరుపతమ్మ.

"థోడా ఆరామ్ కే బినా మత్ చలానా అంటుండు. జరంత ఆరామ్ ఇయ్యకుండ నడపొద్దంట."

"మోటరుకు ఆరామ్ ఏంది?"

"గంత దూరం నుంచి వచ్చింది గద!"

ఇద్దరూ కలిసి సైకిలును నీడకు చేర్చారు. తిరుపతమ్మ మోటారు మీద తడి గోనె కూడా కప్పింది. మోటారు వచ్చిన పెట్టెలో ఒక ఇనుప పట్టీ మిగిలిపోతే దాన్ని కోళ్లగూటికి గడియగా పెట్టుకుని సంబరపడింది. రామనర్సయ్య తన జన్మలో ఏ పొద్దునా ఎరగని విశ్రాంతిని సైకిలుకు అరగంట పాటు ఇచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాశాడు.

ఆ అరగంట పూడ్చుకోవాలి కాబట్టి ఎక్కగానే హ్యాండిల్ మీది యాక్సిలరేటరు పూర్తిగా తిప్పేశాడు. చదును మీద సైకిలు గాల్లో తేలినట్టు పోయింది. గేటు కనబడే చోట, ఎత్తు మొదలవగానే, వెనక కటకటమంది. వైర్లు ఇరుసుకు చుట్టుకుని తెగాయి, చక్రం ఊడింది, రామనర్సయ్య ఖనిజపు ఎర్ర బురద కాలువలో పడ్డాడు. మోచెయ్యి మంట పుడుతుంటే రెండో చేత్తో సేఠ్‌కే ఫోన్ చేశాడు.

"సేఠ్, ఆరామ్ దియా నా! ఆధా ఘంటా దియా!"

"ఆరామ్ నహీఁ రే, ఆర్మ్! టార్క్ ఆర్మ్! లోహే కీ పట్టీ!"

మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగబోతుంది. తిరగకుండా దాన్ని ఫ్రేముకు కట్టి ఉంచాల్సిన ఆ ఇనుప పట్టీ ఇంటి దగ్గర కోళ్లను కాస్తోంది.

సైకిలును అక్కడే వదిలి గేటుకు నడిచాడు. నిలువెల్లా ఎరుపే. గార్డు బుధ్రా చూసి నెత్తురనుకుని "ఖూన్! ఖూన్!" అని సైరన్ మోగించాడు. గేటు పక్కన 'ప్రమాదాలు లేని సంవత్సరం' బోర్డుకు ఆ రోజే దండ వేయాలి. కోస్తా నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు దండ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందయ్యా? డంపర్ గుద్దిందా?"

"లేదు సార్, ఇది బురద. సైకిల్ మీంచి పడ్డ."

"హమ్మయ్య! మరి ఆ చెయ్యేంటి, అలా వేలాడుతోంది?"

"విరిగినట్టుంది సార్. అయినా టైముకే వచ్చిన. డ్యూటీకొస్తుంటెనే పడ్డ, రాసుకోండ్రి!"

ఆఫీసరు ఒకసారి బోర్డు వంక చూశాడు. తర్వాత చాలా మెత్తబడ్డాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆ గేటు దగ్గర రామనర్సయ్యను కూర్చోమన్నవాడు ఇంతవరకు లేడు. అతనికి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆసుపత్రికి పంపిస్తాం బాబూ. ఏదీ, నీ పాస్ ఇలా ఇవ్వు."

సెలవు రాస్తారనుకుని, బాగున్న చేత్తో తీసి ఇచ్చాడు. ఆఫీసరు దాన్ని ఠేకేదారుకు అందించాడు. ఠేకేదారు రామనర్సయ్య పేరును నిన్నటి తారీఖుతో కొట్టేశాడు. ఇవాళ పడ్డవాడు గని మనిషి కాదు, దారిన పోయే ఎవరో. దండ బోర్డు మీదికి ఎక్కింది.

ఆసుపత్రికి తిరుపతమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. "కంపెనోళ్లు ఏమన్నరయ్యా?"

రామనర్సయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకున్నాడు. "ఆరామ్ చేసుకోమన్నరు" అన్నాడు.

సేఠ్ మాటల్లో అతనికి వినబడింది కొంచెం ఆరామే. కంపెనీ పూర్తిగా ఇచ్చింది.