స్టార్ట్ కాని ఇటలీ బండి మహిమ

మహాశయులారా! స్టార్ట్ అయ్యే మోటార్ సైకిళ్లు కొనుక్కుని మీరంతా చెడిపోయారు. మనిషికి కావలసింది స్టార్ట్ కాని బండి. నమ్మరా? అయితే బోధన్ వచ్చి రాజేశ్వర్‌ను చూడండి!

రాజేశ్వర్‌కు యాభై ఏళ్ల నాటి ఇటలీ బండి ఒకటుంది. ఒకే సిలిండర్. కిక్ ఎడమ వైపు, గేరు కుడి వైపు, స్టార్ట్ కావడం దేవుడి వైపు. దాన్ని తోసీ తోసీ అతనికి ఏ రోగమూ దరి చేరలేదు. గల్లీలో అన్ని పార్టీల వాళ్లూ పొద్దున్నే కొట్లాటలు మరిచి ఒక్కటై తోస్తారు. ఒకసారి దొంగ కూడా తోశాడు. గల్లీ చివరిదాకా తోసి, రొప్పి, స్టాండు వేసి మరీ వెళ్లిపోయాడు. ఇంత భద్రత ఏ తాళం ఇస్తుంది?

ఇక చెవి సంగతి! నాలుగు గల్లీల అవతల ఏ ఇంజన్‌లో టాపెట్ వదులై టకటకమన్నా రాజేశ్వర్ అన్నం ముందు నుంచి లేచి ట్యూనింగ్‌కు పరుగెడతాడు. వంటగదిలో సిలిండర్ అయిపోయిందని భార్య సౌందర్య ఎన్నిసార్లు చెప్పినా వినపడదు. ఎంత గొప్ప చెవైనా ఒక సిలిండర్‌కే కదా ట్యూన్ అవుతుంది!

సౌందర్య కోరిక ఒక్కటే. ఆ బండి వెనక కూర్చుని కోటగిరిలో తల్లిగారింటికి వెళ్లాలి. పెళ్లిచూపుల్లో అతనిచ్చిన మాట అది. ఆ మాటకే మురిసిపోయి ఆమె పెళ్లికి ఒప్పుకుంది.

ఇంతలో పాత బండ్ల రేసు వచ్చింది. బోధన్ నుంచి కోటగిరి దాకా, కాలువ గట్టు మీద. రాజేశ్వర్ బండి బరువు తగ్గించే పనిలో పడ్డాడు. వెనక సీటు తీయించాడు, ఫుట్‌రెస్టులు తీయించాడు, చివరికి చీర గార్డు కూడా విప్పమన్నాడు.

మెకానిక్ నూరుల్లా స్పానర్ ఆపాడు. "మరి భాభీ యాడ కూసుంటది అన్నా?"

"గెల్సినంక బిగిద్దాం తియ్ భాయ్."

గడపలో నిలబడిన సౌందర్య ఆ మాట విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి వెళ్లిపోయింది.

రేసు రోజు బండి మొదటి కిక్కుకే అందుకుంది! సగం దూరం దాకా అందరికన్నా ముందు రాజేశ్వరే. అప్పుడు ఇంజన్‌లో ఏదో చప్పుడు వినిపించింది. తెలివైనవాడైతే విననట్టు పోతాడు. మనవాడు ట్యూనింగ్ మనిషి! బండి ఆపి, ఆఫ్ చేసి, చెవి ఆనించి మరీ విన్నాడు. ఇక స్టార్ట్ అయితే ఒట్టు. మిగతా బండ్లు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి.

వెంట వచ్చిన నూరుల్లా బండిని ఖాళీ చెరకు ట్రాక్టర్ ఎక్కించుకుని బోధన్ మళ్లాడు. ఆ వెనకే స్కూటీ మీద సౌందర్య వచ్చి ఆగింది.

"ఎక్కుండ్రి. నేనైతే కోటగిరి పోతున్న."

రాజేశ్వర్ తలొంచుకుని వెనక కూర్చున్నాడు. కొంత దూరం పోయాక అలవాటు కొద్దీ చెవి నిక్కించాడు.

"సౌందర్యా, జర ఆపు. ఇంజన్ల ఏదో సప్పుడొస్తున్నది."

"ఇంజన్ గాదు, నేను. పెండ్లైనకాంచి మాట్లాడుతనే ఉన్న."

కోటగిరి దాకా మొదటిసారి ఆమె చెప్పిందంతా విన్నాడు. సిగ్గేసింది. బండి స్టార్ట్ కాకపోవడం వరమని ముందే మనవి చేశాం కదా!

అత్తగారి వాకిట్లో దిగీ దిగకముందే నూరుల్లాకు ఫోన్ కొట్టాడు.

"భాయ్, ఎన్క సీటు యాడ వెట్టినవ్? సీర గార్డు గూడ ఎతుకు."